సింజార్‌లో ఇల్లుంది, కాగితం లేదు. నా తోటి పనివాడికి ఏం చెప్పాలి?

అర్బిల్_సైటు రాసింది:

అందరికీ నమస్తే. నేను ఆరేళ్లుగా ఇరాక్‌లో, అర్బిల్‌లో బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. ఈ ఫోరంలో భూమి కాగితాల గురించి బాగా తెలిసినవాళ్లు ఉన్నారని, ఒకరిద్దరు ఇరాక్‌లో కూడా పనిచేసి వచ్చారని పాత పోస్టుల్లో చూశాను. అందుకే అడుగుతున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా సైట్లో ఒక ఎలక్ట్రీషియన్ కుర్రాడున్నాడు. యజీదీ, అంటే ఇక్కడ కుర్దీ మాట్లాడే ఒక మైనారిటీ మతం వాళ్లు. ఇంకా ముప్పై రాలేదు. నన్ను 'కాకా' అని పిలుస్తాడు, వాళ్ల భాషలో అన్న అని అర్థం. వాళ్లది ఇరాక్ ఉత్తరాన సింజార్ కొండకు దక్షిణాన ఉన్న తల్ ఎజేర్ అనే ఊరు. సర్కారు రికార్డుల్లో మాత్రం ఆ ఊరి పేరు అల్ ఖహ్తానియా. ఒక ఊరికి రెండు పేర్లేంటని అడిగితే వాళ్ల తాత కథ చెప్పాడు.

తాతది అసలు కొండ పక్కన చిన్న పల్లె. 1975లో బాత్ పార్టీ (సద్దాం హుస్సేన్ పార్టీ) ప్రభుత్వం కొండ చుట్టూ ఉన్న యజీదీ పల్లెలు ఖాళీ చేయించి, జనాన్ని తెచ్చి మైదానంలో కట్టించిన కాలనీల్లో కూర్చోబెట్టింది. అలాంటివి మొత్తం పదకొండు. వాటికి అరబ్బీ పేర్లు పెట్టారు. ఒక్కో కుటుంబానికి ఇంత స్థలం అని చూపించారు, ఇల్లు కట్టుకోమన్నారు, కాగితం మాత్రం ఇవ్వలేదు. ఉండే హక్కే తప్ప సొంతం అని రాసిచ్చింది లేదు. తాత మట్టి ఇల్లు కట్టాడు, తండ్రి దాన్ని పడగొట్టి సిమెంటు ఇటుకలతో కట్టాడు. నలభై ఏళ్లు అందులోనే పెళ్లిళ్లు, పురుళ్లు అన్నీ జరిగాయి. 2014 ఆగస్టు 3న ఐసిస్ వచ్చిపడింది. వీడికప్పుడు పదిహేడేళ్లు. అమ్మ, ఇద్దరు చెల్లెళ్లతో కొండెక్కి బతికాడు. ముసలి నాయనమ్మ నడవలేదని తండ్రి వెనకే ఉండిపోయాడు. ఇద్దరి సంగతీ ఈ రోజుకీ తెలియదు.

ఇప్పుడు అమ్మ, చెల్లెళ్లు దొహుక్ దగ్గర షార్యా శిబిరంలో ఉన్నారు. శిబిరాలన్నీ 2024 జూలై 30కల్లా మూసేస్తామని బగ్దాద్ ప్రకటించినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. వెళ్తే కుటుంబానికి 40 లక్షల దినార్లు ఇస్తామన్నారు. ఆ డబ్బుతో కూలిపోయిన ఇల్లు లేవదు, అది వేరే సంగతి. వీడి భయం ఇంకొకటి. 'కాకా, వెళ్లాక ఎవరైనా వచ్చి ఈ స్థలం నీదని ఎవడు చెప్పాడురా అంటే నేనేం చూపించాలి?'

మొన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక స్విచ్ బోర్డులు వచ్చిన అట్టపెట్టె చింపి, మార్కర్‌తో వాళ్ల వీధి గీశాడు. మలుపు, నీళ్ల ట్యాంకు, వాళ్ల ఇల్లు, ఇంటి ముందు మల్బరీ చెట్టు. తర్వాత అటూ ఇటూ ఉన్న ఇళ్లు ఒక్కొక్కటీ గీసి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమ పక్క ఇంటివాళ్లు జర్మనీలో. ఎదురింట్లో ఒక్క ముసలాయన మిగిలాడు, ఖాంకే శిబిరంలో ఉన్నాడు. కుడి పక్క ఇంటి దగ్గరికొచ్చేసరికి మార్కర్ ఆగిపోయింది. దాని వెనక ఇల్లు కూడా గీయలేదు. ఆ రెండిళ్లలో చెప్పడానికి ఎవరూ లేరు. నేను ఆ అట్ట పారేయకుండా నా రూములో దాచాను.

నాకు తెలిసిందల్లా మా నాన్న పట్టా పాసుబుక్కు కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఎలా తిరిగాడో అంతే. ఇక్కడ ఏ ఆఫీసో కూడా తెలియదు. వీడి దగ్గర ఉన్నవి రేషన్ కార్డు జిరాక్సు, తండ్రి గుర్తింపు కార్డు ఫొటో, ఇంటి తాళంచెవి. పైగా ఎవరో బ్రోకరు ఫోన్ చేసి, సంతకం పెడితే నష్టపరిహారం తనే ఇప్పిస్తానంటున్నాడట. ఏం చేయమని చెప్పాలి? వెనక్కి వెళ్లాలా వద్దా అన్నది వాళ్లిష్టం, నేను అది అడగట్లేదు. వెళ్లినా వెళ్లకపోయినా ఆ స్థలం వాళ్లదని ఎక్కడో ఒక చోట రాసి ఉండాలి కదా.

---

రిటైర్డ్_రెవెన్యూ రాసింది:

తమ్ముడూ, ఇరాక్ చట్టాలు నాకు తెలియవు, తెలిసినవాళ్లు చెబుతారు. ముప్పై మూడేళ్లు రెవెన్యూలో చేశాను కాబట్టి రెండు మాటలు.

ఆ అట్టను జాగ్రత్తగా పెట్టు. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ ఒకటి, అనుభవదారు కాలమ్ ఒకటి ఉండేవి. పట్టా లేని పేదవాడిని కాపాడింది చాలాసార్లు ఆ రెండో కాలమే. ఎవరి చేతిలో ఉంది, ఎప్పటి నుంచి ఉంది, పక్కవాళ్లు ఏమంటున్నారు అన్నదే అందులో ఉండేది. ఆ కుర్రాడు గీసిన బొమ్మ అచ్చంగా అదే. కింద తేదీ వేయించి, సంతకం పెట్టించి, ఫొటో తీసి ముగ్గురి ఫోన్లలో ఉంచండి.

రెండోది, ఆ బ్రోకరు. ఏ కాగితం మీదా సంతకం వద్దు. భూమి పోగొట్టుకున్నవాళ్లను మళ్లీ ముంచేది ఇలాంటి సంతకాలే. నా సర్వీసులో చూసిన గొడవల్లో సగం జీపీఏ దగ్గరే, అంటే మన తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి రాసిచ్చిన దగ్గరే మొదలయ్యాయి.

---

దొహుక్_మ్యాపులు రాసింది:

అన్నా, నేను దొహుక్‌లో మూడేళ్లు ఉన్నాను. ఒక సంస్థలో మ్యాపులు గీసే పని. సింజార్ కాలనీల్లో ఏ ఇల్లు ఎవరిదో రాసుకునే టీముకు శాటిలైట్ ఫొటోలు ప్రింటు తీసి ఇవ్వడం, వాళ్లు తెచ్చిన కొలతలు కంప్యూటర్లో ఎక్కించడం. వీధి గీసి ఇళ్ల పేర్లు చెప్పడం గురించి మీరు రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మేమూ అలాగే చేసేవాళ్లం. పెద్ద ఫొటో నేల మీద పరిస్తే చుట్టూ జనం మోకాళ్ల మీద కూర్చుని, ముందు నీళ్ల ట్యాంకు వెతుక్కునేవాళ్లు. అది దొరికితే మిగతా వీధంతా వేలితో చూపించేవాళ్లు. ఫొటోలో కప్పు లేని ఇల్లు చూసి 'ఇది మాది కాదు, మాది బాగుండేది' అని వాదించిన ఒక పెద్దామె నాకింకా గుర్తుంది. ఆ ఇల్లు ఆవిడదే.

సరే, విషయానికొస్తా.

ఇరాక్‌లో ఆస్తి రిజిస్ట్రేషన్ ఆఫీసును జనం తాపు అంటారు, ఒట్టోమన్ల కాలం నుంచి వచ్చిన మాట. అక్కడి రిజిస్టర్లో పేరుంటేనే చట్టం దృష్టిలో యజమాని. 1975లో కాలనీల్లో పెట్టినవాళ్ల పేర్లు ఆ రిజిస్టర్లో ఎక్కించలేదు. అంటే భూమి లాక్కోవడం 2014లో మొదలవలేదన్నా. కాగితం ఇవ్వకపోవడంతోనే మొదలైంది. ఐసిస్ ఇళ్లు పేల్చేసి పోయాక, నష్టపరిహారం కోసం 2009 నాటి 20వ నంబరు చట్టం కింద అప్లికేషన్ పెట్టబోతే యాజమాన్య పత్రం తెమ్మన్నారు. కాగితం ఉన్నవాడికే పరిహారం, సర్కారు ఎన్నడూ కాగితం ఇవ్వనివాడికి ఏమీ లేదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. లేకపోవడానికి కారణమైన సర్కారే, లేదు కాబట్టి ఇవ్వను అంటుంది.

సద్దాం పోయాక, 1968 నుంచి 2003 వరకు లాక్కున్న ఆస్తుల కోసం ఒక క్లెయిముల కమిషన్ పెట్టారు. దాని ముందు నిలబడాలన్నా చేతిలో ఏదో ఒక పాత కాగితం ఉండాలి. కొండ పల్లెల నుంచి తరిమేసినవాళ్లకు అది ఎక్కడిది?

ఐసిస్‌ను తరిమేశాక యుఎన్ హాబిటాట్ (ఐక్యరాజ్యసమితిలో ఇళ్లు, ఊళ్ల సంగతి చూసే సంస్థ) వాళ్లు సింజార్‌లో వేరే దారి పట్టారు. యాజమాన్యం సంగతి తర్వాత, ముందు ఈ ఇంట్లో ఎవరు ఉండేవారో రాసిపెడదాం అన్నారు. ఇంటివాళ్లు చెప్పింది, ఇరుగుపొరుగు సాక్ష్యం, స్థానిక పెద్దల మాట, అధికారుల సంతకం, అన్నీ కలిపి నివాస ధృవీకరణ పత్రం ఇచ్చారు. వేల కుటుంబాలకు అందింది. అది పట్టా కాదు, ఇది మీ కుర్రాడికి స్పష్టంగా చెప్పండి. కానీ ఆ లెక్కలు పోగుపడటం వల్లే తర్వాతి మెట్టుకు దారి దొరికింది. 2022 డిసెంబరులో ఇరాక్ మంత్రివర్గం ఆ పదకొండు కాలనీల్లోని యజీదీలకు ఇళ్ల స్థలాల మీద యాజమాన్యం ఇవ్వాలని నిర్ణయించింది. నలభై ఏడేళ్ల తర్వాత. తల్ ఎజేర్ ఆ పదకొండిట్లో ఉంది. ఇది ఇళ్ల స్థలాలకు సంబంధించింది, పొలాల లెక్క వేరు.

నిర్ణయం వచ్చినంత మాత్రాన తాపులో పేరు ఎక్కదు. ఇంటింటికీ ఫైలు కదలాలి. అందుకని మీవాడు చేయాల్సింది, నేనైతే ఈ వరసలో చేస్తాను.

ముందు వాళ్ల ఇంటి మీద ఇప్పటికే నివాస పత్రం ఉందేమో కనుక్కోవాలి. నవ్వకండి, చాలామందికి తెలియదు. పెదనాన్న పేరునో మేనమామ పేరునో ఎవరో అప్పుడు రాయించి ఉంటారు. ఊరి ముఖ్తార్‌ను పట్టుకుంటే తెలుస్తుంది. ముఖ్తార్ అంటే మన పాత మునసబు లాంటివాడు, ఫలానావాడు ఫలానా ఇంటివాడని రాసిచ్చేది ఆయనే. తల్ ఎజేర్ ముఖ్తార్లలో కొందరు శిబిరాల్లోనే ఉండేవాళ్లు, అమ్మగారిని అడిగితే ఫోన్ నంబరు దొరుకుతుంది.

రేషన్ కార్డు చిన్న కాగితం అనుకోవద్దు. ఇరాక్‌లో ఒక కుటుంబం ఏ ఊళ్లో ఉండేదో చూపించడానికి అందరూ మొదట అడిగేది దాన్నే. జిరాక్సు కాదు, అసలుది ఎక్కడుందో వెతకమనండి. కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, బడి సర్టిఫికెట్, ఆసుపత్రి చీటీ, ఊరి పేరున్న ఏ కాగితమైనా సరే. అన్నిటికన్నా ముఖ్యం ఫొటోలు. ఇంటి ముందు మనుషులు నిలబడ్డ ఫొటో, పెళ్లి వీడియో. వాళ్ల పెళ్లిళ్లలో వీధి మధ్యే చేతులు పట్టుకుని వలయంగా ఆడతారు కాబట్టి వీడియోలో వీధంతా పడుతుంది. గేటు, గోడ, పక్కింటి మేడ, అన్నీ. అవి కొండెక్కినప్పుడు పోయినా జర్మనీలో ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి.

తర్వాత ఖాంకేలో ఉన్న ఆ ముసలాయన. దయచేసి ఆలస్యం చేయొద్దు. ఈ వారమే వెళ్లమనండి. ఆయన చెప్పేది వీడియో తీసి, కాగితం మీద రాయించి వేలిముద్ర వేయించండి. మేము ఒక వీధికి రెండోసారి వెళ్లేసరికి సాక్షి చనిపోయిన సందర్భాలు చూశాను. ఎవరి ఇంటి సరిహద్దు అయినా పక్కింటివాళ్ల నోట్లోనే ఉంటుంది, అక్కడ వేరే రికార్డు లేదు. సాక్షులు లేని ఆ రెండిళ్ల గురించి కూడా ఆయనతోనే చెప్పించండి. మీవాడికి పని లేకపోవచ్చు, కానీ ఎప్పుడో ఏ కెనడా నుంచో ఆ ఇంటి బిడ్డ ఒకరు వెతుక్కుంటూ వస్తే ఆ ఒక్క వాక్యమే మిగులుతుంది.

బ్రోకరు గురించి పెద్దాయన చెప్పింది నూరుపాళ్లు నిజం. అక్కడ జీపీఏను వకాలా అంటారు. అపరిచితుడికి వకాలా రాసివ్వకూడదు. దొహుక్‌లో ఉచితంగా న్యాయసహాయం చేసే సంస్థలున్నాయి, శిబిరం ఆఫీసులో అడిగితే దారి చూపిస్తారు.

ఇంకొకటి. ఇల్లు తండ్రి పేరునే రాయించాలా, అమ్మ పేరు కూడా చేర్చాలా అని అడుగుతారు. అమ్మ పేరు, చెల్లెళ్ల పేర్లు కూడా చేర్చమనండి. మగవాళ్లను చంపి, ఆడవాళ్లను ఎత్తుకెళ్లిన చోట అది. బతికి వచ్చిన ఆడమనిషి తన ఇంటి ముందు తనే హక్కు లేని మనిషిలా నిలబడటం నేను చూశాను. మళ్లీ చూడాలని లేదు.

---

సరిహద్దు_రాయి రాసింది:

నేను లా చదివేటప్పుడు ఈ విషయం మీదే పేపర్ రాశాను, వేరే దేశాల గురించి. పై పోస్టుకు ఒక్కటే కలుపుతా. గడువు తేదీలు, సర్వేలు, ఈ రెండిటి మీద కన్నేసి ఉంచమనండి.

బంగ్లాదేశ్ హిందువుల సంగతి చూడండి. 1965 యుద్ధమప్పుడు పాకిస్తాన్ తెచ్చిన శత్రు ఆస్తి ఉత్తర్వు కింద సరిహద్దు దాటిపోయినవాళ్ల భూములే కాదు, అన్న వెళ్లిపోయాడని అక్కడే ఉండిపోయిన తమ్ముడి భూమి కూడా సర్కారు జాబితాలోకెక్కింది. దేశం వేరై బంగ్లాదేశ్ వచ్చింది. 1974లో చట్టం పేరు మారి 'అర్పిత' ఆస్తి అయింది, భూమి మాత్రం తిరిగి రాలేదు. ఎవరు అర్పించారు? ఆ మాట చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. తిరిగిచ్చే చట్టం 2001లో వచ్చింది. దాన్ని నడిపించే సవరణలు మళ్లీ పదేళ్లకు, 2011లో. ఢాకా ఆర్థికవేత్త అబుల్ బర్కత్ లెక్క ప్రకారం దాదాపు 12 లక్షల హిందూ కుటుంబాలకు 26 లక్షల ఎకరాల దాకా నష్టం. చట్టం వచ్చేనాటికి తాతల పేర్లు చెప్పగలిగే వారసులే కరువయ్యారు.

సర్వే సంగతికి టర్కీ ఉదాహరణ. ఆగ్నేయాన తూర్ అబ్దీన్ ప్రాంతంలో సిరియాక్ క్రైస్తవుల మోర్ గాబ్రియేల్ మఠం ఉంది, 397లో కట్టింది. ఊళ్లలో క్రైస్తవులు చాలామంది యూరప్ వెళ్లిపోయాక అక్కడ భూముల సర్వే జరిగింది. 2008 నుంచి పక్క ఊళ్లు, అటవీ శాఖ, ఖజానా వరసగా కోర్టుకెక్కాయి. పదహారు వందల ఏళ్లుగా ఉన్న మఠం, ఈ గోడ లోపలి భూమి మాదే అని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. కొన్ని భూములు తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. మనుషులు ఊళ్లో లేనప్పుడు జరిగే సర్వే వాళ్ల పేరు రాసుకోదు. కాబట్టి తల్ ఎజేర్‌లో కొలతలకు మనిషి వస్తున్నాడని తెలిస్తే, ఇంట్లో ఒక్కరైనా ఆ రోజు అక్కడ నిలబడాలి. కుదరకపోతే ఆ ముఖ్తార్ అయినా ఉండాలి.

---

అర్బిల్_సైటు రాసింది:

అందరికీ చేతులెత్తి దండం. మీరు రాసినవన్నీ నాకొచ్చిన కుర్దీలో, రానిచోట చేతులతో చెప్పాను. బ్రోకరు నంబరు నా ముందే బ్లాక్ చేశాడు.

శుక్రవారం సెలవు కాబట్టి ఇద్దరం కలిసి షార్యా వెళ్లాం. అసలు రేషన్ కార్డు అమ్మ దగ్గరే ఉంది. పరుపు గలీబు లోపల కుట్టేసి పెట్టుకుంది, పదేళ్లుగా కొడుక్కి కూడా చెప్పలేదు. కత్తెరతో కుట్లు విప్పుతుంటే చెల్లెలు ఫోన్ టార్చి పట్టుకుంది. నాలుగు మడతల మీద చిరిగింది కానీ తండ్రి పేరు, ఊరి పేరు కనిపిస్తున్నాయి. ఊరి పేరు అల్ ఖహ్తానియా అనే ఉంది. ఆ పేరు నోటితో ఎన్నడూ పలకనామె ఆ కాగితాన్ని అంత భద్రంగా దాచింది.

అక్కడి నుంచి ఖాంకే వెళ్లాం. ముసలాయనకు చూపు తగ్గింది. అట్ట మీద బొమ్మ చూడలేడని, వీడు ఆయన వేలు పట్టుకుని గీతల మీద నడిపిస్తూ ఒక్కో ఇల్లూ చెప్పాడు. ఆయన మధ్యలో ఆపి, నీళ్ల ట్యాంకు తప్పు చోట పెట్టావన్నాడు. మలుపుకు ఇవతల కాదు, అవతల అన్నాడు. వీడు కొట్టేసి మళ్లీ గీశాడు. కుడి పక్క ఇంటి దగ్గర ఆయన తనంతట తనే పేర్లు చెప్పాడు, ఏడుగురివి, చిన్నపిల్లతో సహా. నేను వీడియో తీస్తున్నాను, చెయ్యి వణికింది, అక్కడ బొమ్మ కొంచెం కదిలింది. వేలిముద్ర వేయించాం.

ఒక్క డౌటు మిగిలింది. తండ్రి చనిపోయాడని కాగితం లేకుండా వారసత్వం కదలదని శిబిరంలో ఒకరన్నారు. ఆ కాగితం తీసుకోవడానికి అమ్మ ఒప్పుకోవట్లేదు. 'చనిపోయాడని నేను సంతకం పెట్టను' అంటోంది. బలవంతం చేయడానికి నాకు నోరు రాలేదు.

---

దొహుక్_మ్యాపులు రాసింది:

బలవంతం చేయకండి అన్నా. ఐసిస్ జనాన్ని చంపిన కొచో అనే యజీదీ ఊళ్లో సామూహిక సమాధులు తవ్వడం మొదలుపెట్టిందే 2019 మార్చిలో, ఎముకలు పోల్చి చూసి పేర్లు చెప్పడానికి ఇంకా ఏళ్లు పడుతోంది. అమ్మ, చెల్లెళ్లు, కుర్రాడు డీఎన్ఏ పరీక్షకు రక్తం ఇచ్చారో లేదో మాత్రం మెల్లగా కనుక్కోండి. అది ఇవ్వడానికి ఎవరూ చనిపోయారని ఒప్పుకోనక్కర్లేదు.

ఇల్లు ఎవరి అనుభవంలో ఉండేదో రాయించుకోవడం, వారసత్వం రెండూ వేర్వేరు పనులు. మొదటిది బతికున్న కుటుంబం అడగొచ్చు, తండ్రి ఆచూకీ తెలియదని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. వారసత్వం తర్వాత చూసుకోవచ్చు. మరణ పత్రం ఇప్పుడే కావాలని ఎవరైనా అంటే, ఎందుకు కావాలో రాసిమ్మని అడగండి, ఆ కాగితం న్యాయసహాయం చేసేవాళ్లకు చూపించండి.

వీడియో రెండు కాపీలు చేశారా? ఆ ఏడు పేర్లు విడిగా ఒక కాగితం మీద కూడా రాసి ఉంచండి.

---

అర్బిల్_సైటు రాసింది:

చేశాను. పేర్లు కూడా రాయించాను, కుర్దీలో ఒకసారి, అరబ్బీలో ఒకసారి. ముఖ్తార్ వచ్చే మంగళవారం కలుస్తానన్నాడు. వాడి డ్యూటీ నేను చూసుకుంటానని చెప్పి లీవు రాశాను.